మొగ

పాఢి డాక్టరమ్మ మందుల చీటీ తిరగేసి
ఎనకాల బొమ్మేసింది.
రెండు గొట్టాలు, చివర రెండు చేతులు,
చేతులకి గీతలు గీతలుగా వేళ్ళు.
"గుడ్డు జారిపడినప్పుడు పట్టుకునేవి ఈ వేళ్ళే.
నీకు కుడివైపు అన్నీ అతుక్కుపోయి
పిడికిలి బిగించినట్టున్నాయి.
విప్పి, వెనక్కి మడిచి కుట్టాను.
ఎడమది నీరుపట్టి పాడైపోయింది, తీసేశాను."

మొదటి కడుపు పోయినప్పుడు పట్టిన జొరం,
పదకొండు దినాలు.
అది లోపల ఇంత పని సేసిందని
అప్పుడెవులికి తెలుసు?

ఎల్లాజి బొమ్మని అటూ ఇటూ తిప్పి సూసేడు.
"వలే కదమ్మా ఇది," అన్నాడు.
"నోరు ముడుసుకుపోయిన వల."
డాక్టరమ్మ నవ్వలేదు. అవునంది.

పిల్లలు పుడతారా అని అడిగేను.
వయసెంత అంది. ముప్పై మూడు.
కాగితం సూసుకుంది. గోడ పల్చగానే ఉందంది,
లోపలి నునుపు సగం మిగిలిందంది,
విప్పిన అతుకులు ఎన్నో లెక్కెట్టింది.
"నూటికి ఇరవై రెండు," అంది.
అని, గోడకేసి సూసి,
ఒడియాలో ఒక మాట అంది: "దెఖిబా."
సూద్దాం అని.

బరంపురంలో బస్సెక్కినకాడి నుంచి అదే లెక్క.
నూరుగురు ఆడోళ్ళు, నూరు కుట్లు.
ఇరవై ఇద్దరు ఇటు, మిగిలినోళ్ళు అటు.
నాను ఏ పక్క బెంచీ మీద కూకున్నానో
సెప్పీవోళ్ళు నేరు.
నాకున్నది ఒక్క కడుపు.
దాంట్లో ఇరవై రెండు వంతులు బిడ్డ ఎలగుంటది?

"కొత్త వలకే నూటికి పది దినాలు సేప పడద్ది,"
అన్నాడు ఎల్లాజి, సెనక్కాయలు ఒలుస్తా.
"మంచి లెక్కే సెప్పింది."

మాది రుషికుల్య మొగ పక్క ఊరు.
మొగ ఒక ఏడున్న సోట మరో ఏడు ఉండదు.
ఒకపాలి ఇసక మేట ఏసి ఏరు మూసుకుపోయింది,
ఉప్పునీరు లోపలికి రానేదు,
పడవలు బయటికి పోనేదు.
ఊరంతా పారలట్టుకుని తవ్వితే
తెల్లారేసరికి మళ్ళీ మూసుకుంది.
మర్నాడు దానంతట అదే
అరమైలు అవతల తెగింది.

ఫారెస్టు బెహెరా ఏటేటా పుస్తకం అట్టుకుని తిరుగుతాడు,
దక్షిణపు గాలి, సెంద్రుడు, ఇసక వాలు.
పలానా రాత్రి తాబేళ్ళు ఎక్కుతాయంటాడు.
పోయినేడు కంచె కట్టేరు, కుక్కల్ని తోలేరు,
దీపాలన్నీ ఆర్పేరు.
ఒక్కటీ రానేదు.
బెహెరా పుస్తకంలో ఏటి రాసుకున్నాడో,
నాను అడగనేదు.

డాక్టరమ్మ ఇంకోటి కూడా సెప్పింది.
"నెల తప్పితే పండగ చేసుకోకు, బస్సెక్కు.
వేళ్ళు పట్టుకున్నా గొట్టం దాటించలేకపోవచ్చు.
అక్కడే ఆగి పెరిగితే చిరిగిపోతుంది.
నీ ప్రాణం మీదికొస్తుంది."
అంటే మంచి కబురూ సెడ్డ కబురూ
ఒకే దినం, ఒకే తలుపు కొట్టుకొస్తాయన్నమాట.

ఏడో నెలకి తప్పింది.
నలభై దినాలు. గోడ మీద బొగ్గు గీతలు
రెండుమాట్లు లెక్కెట్టి, మూడోమాటు ఎల్లాజిసేత ఎట్టించేను.
ఆడు ఐసు డబ్బులోంచి తొమ్మిది వొందలు తీసి
మాటాడకుండా సొక్కా ఏసుకున్నాడు.

బల్ల మీద పడుకున్నాను. పొట్ట మీద సల్లని జిగురు.
తెర నిండా ఇసకే. బూడిదరంగు ఇసక
కదుల్తోంది, ఆగుతోంది, కదుల్తోంది.
ఇన్నేళ్ళూ సుట్టాలు, వాడకట్టు, సేపల సావిడి
అందరూ అడిగింది ఉందా నేదా అని.
ఈమె ఒక్కతే
ఎక్కడుంది, ఎక్కడుంది అని
తనలో తాను అనుకుంటా ఎతుకుతోంది.

కుడిపక్క సాలాసేపు ఆగింది.
అక్కడ ఏటీ కనబళ్ళేదేమో, మళ్ళీ మధ్యకొచ్చింది.
"దెఖిబా," అంది.
ఆ మాట మొదట అన్నప్పుడు గోడకేసి సూసింది.
ఇప్పుడు తెరకేసి సూస్తోంది.

తలుపు సందులోంచి ఎల్లాజి కాళ్ళు అగుపిస్తన్నాయి.
ఒక కాలికి నా సెప్పు తొడుక్కున్నాడు,
సూసుకోనేదు.